థైరాయిడ్ రిపోర్టు నార్మల్, మరి మా వాడు పని మధ్యలో ఎందుకు ఆగిపోతున్నాడు?

రాయగడ_పద్మ

అందరికీ నమస్కారం. మేముండేది ఒడిశాలోని రాయగడ. మా బాబుకి తొమ్మిదేళ్లు, ఒడియా బడిలో నాలుగో తరగతి. పుట్టుకతోనే థైరాయిడ్ గ్రంథి పనిచెయ్యదు. పుట్టినప్పుడు ఎవరూ పరీక్ష చెయ్యలేదు. పచ్చకామెర్లు ఎంతకీ తగ్గకపోవడం, మలబద్ధకం, ఎప్పుడు చూసినా నిద్ర, బొడ్డు ఉబ్బి ఉండటం... ఇవన్నీ మామూలే అనుకున్నాం. ఐదో నెలలో విశాఖలో ఒక పిల్లల డాక్టరు చూడగానే టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్తపరీక్ష) చేయించారు. అప్పట్నుంచి రోజూ పరగడుపున మాత్ర వేస్తున్నాం. నడక, మాట ఆలస్యమైనా వచ్చేశాయి. రిపోర్టులు చాలా ఏళ్లుగా బాగానే ఉన్నాయి. కథ ఒకసారి వింటే పాత్రల పేర్లతో సహా అప్పజెబుతాడు.

పని దగ్గరికొచ్చేసరికి మాత్రం వేరే పిల్లాడు. "స్నానం చేసి, యూనిఫాం వేసుకుని, బ్యాగు సర్దుకో" అంటే స్నానం అవుతుంది. తర్వాత చూస్తే బీరువా ముందు ఒక సాక్సు చేత్తో పట్టుకుని నిలబడి ఉంటాడు. రెండోది వెతకడు, నన్ను అడగడు. "ఏం చేస్తున్నావురా" అంటే వాడికే తెలీదు. తీసివేతలు నోటితో అడిగితే చెబుతాడు, బోర్డు మీది లెక్క నోట్సులోకి ఎక్కించేటప్పుడు అంకెలు తారుమారు చేస్తాడు. హోంవర్కు చేస్తాడు, చేసిన పుస్తకాన్ని ఇంట్లోనే వదిలేసి వెళ్తాడు.

బడిలో గురుమా (టీచరమ్మ) "తెలుగువాళ్ల ఇల్లు కదా, ఒడియా అర్థం కావట్లేదు, ఇంట్లో కూడా ఒడియాలోనే మాట్లాడండి" అంటున్నారు. మా అత్తగారు నా గారాబమే అంటారు. డాక్టరుగారు రిపోర్టు చూసి భయం లేదంటారు. పరీక్షలు దగ్గరికొస్తుంటే నాకు టెన్షన్. ఎవరి మాట పట్టుకోవాలి?

పర్లాకిమిడి_మాస్టారు

అమ్మా, నేను ముప్పయ్యేళ్లకు పైగా బడిలో పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. కథ గుర్తుండి పుస్తకం గుర్తుండదంటే అది శ్రద్ధ లేకపోవడమే. ఇష్టమైంది గుర్తుంటుంది, కష్టమైంది ఉండదు. మా రోజుల్లో పుస్తకం మరిచిపోతే ఒకసారే మరిచిపోయేవాళ్లం. పిల్లాడి ప్రతి అలవాటుకీ ఒక జబ్బు పేరు తగిలించడం ఈమధ్య ఎక్కువైంది. అన్యథా భావించవద్దు.

బరంపురం_స్వాతి (స్పెషల్ ఎడ్యుకేటర్)

మాస్టారూ, మీ మీద గౌరవంతోనే విభేదిస్తున్నాను.

పద్మగారూ, మీరు రాసినదాన్ని మా రంగంలో ఎగ్జిక్యూటివ్ ఫంక్షన్ ఇబ్బంది అంటాం. తెలివి, జ్ఞాపకం, భాష అన్నీ ఉంటాయి. వాటిని వరసలో పెట్టి పని పూర్తి చేయించే శక్తి తక్కువగా ఉంటుంది. ఇటుక, సిమెంటు, కూలీలు అందరూ వచ్చారు, మేస్త్రీ రాలేదు అన్నట్టు. ఇందులో ముఖ్యంగా మూడు చూస్తాం. విన్నదాన్ని పని అయ్యేదాకా మనసులో నిలుపుకోవడం, దీన్నే వర్కింగ్ మెమరీ అంటారు. మధ్యలో వచ్చిన ఇంకో ఆలోచనకి లొంగకుండా ఆగడం. ఒక పనిలోంచి ఇంకో పనిలోకి మారడం. ఇవి ఎక్కువగా మెదడు ముందు భాగం మీద ఆధారపడతాయి. ఆ భాగం మెదడులో మిగతా భాగాలకంటే ఆలస్యంగా, ఇరవైల నడిమికి గానీ పూర్తిగా ఎదగదు. కాబట్టి తొమ్మిదేళ్ల పిల్లలెవరికైనా కొంత తడబాటు సహజమే. తోటి పిల్లలకంటే బాగా వెనకబడి, రోజువారీ బతుకే ఇబ్బందిగా మారినప్పుడు పట్టించుకోవాలి.

కథ గుర్తుండటానికి కారణం ఉంది మాస్టారూ. కథలో ఒక సంగతి ఇంకోదాన్ని లాక్కొస్తుంది. "స్నానం, యూనిఫాం, బ్యాగు" అనే మూడు మాటల మధ్య అలాంటి లంకె లేదు. సాక్సు కనబడని క్షణంలో మిగతా రెండూ జారిపోతాయి. మూడూ మనసులో ఉంచుకుని సాక్సు వెతకాలి, అక్కడే చిక్కు.

ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత లోపం, అతిచురుకుదనం), ఆటిజం, డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో, నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్లో, పుట్టుకతో థైరాయిడ్ లోపం ఉన్న కొందరిలో ఇది చూస్తాం. ఎందుకొచ్చిందో డాక్టర్లు చెప్పాలి, బడిలో ఏం చెయ్యాలో నేను చెప్పగలను.

కోరాపుట్_డాక్టర్ (పిల్లల వైద్యం)

పుట్టుకతో థైరాయిడ్ లోపం ఉన్న బిడ్డకి మొదటి రెండు వారాల్లోపే మందు మొదలుపెట్టడం మంచిది. మెదడు ఎదుగుదలకి ఆ హార్మోన్ అవసరం ఎక్కువగా ఉండేది అప్పుడే. ఐదో నెలలో మొదలైన మీ బాబు ఇంత బాగా ఎదిగాడంటే ఇంట్లో ఎంత కష్టపడి ఉంటారో అర్థమవుతోంది. ఆలస్యమైన పిల్లల్లో, ఒక్కోసారి వెంటనే మందు పడ్డవాళ్లలో కూడా ఏకాగ్రత, వర్కింగ్ మెమరీ కొంచెం బలహీనంగా ఉండొచ్చు. ఈరోజు టీఎస్‌హెచ్ నార్మల్ అంటే ఈరోజు మందు సరిపోతోందని మాత్రమే అర్థం. మొదటి నెలల్లో జరిగిందాన్ని ఆ కాగితం చూపించదు.

అంతా దానిమీదే తోసెయ్యకండి. వినికిడి పరీక్ష చేయించారా? ఈ లోపం ఉన్న పిల్లల్లో చెవి సమస్య మిగతా పిల్లలకంటే ఎక్కువ. కంటిచూపు, హిమోగ్లోబిన్ కూడా చూడాలి. రాత్రి గురక పెట్టి, నోరు తెరిచి నిద్రపోతే టాన్సిల్స్, ఎడినాయిడ్స్ చూపించండి. నిద్ర సరిగా లేని పిల్లాడికి పగలు ఏదీ గుర్తుండదు. నడుస్తూ మాట్లాడుతూ ఉన్నట్టుండి కొన్ని సెకన్లు శూన్యంలోకి చూసి, మళ్లీ మామూలైతే అది ఒక రకం ఫిట్స్ కావచ్చు. సాక్సు పట్టుకుని నిలబడ్డప్పుడు పేరు పెట్టి పిలిస్తే వెంటనే పలుకుతాడా? మా వైపు ఇంకోటి తప్పకుండా అడుగుతాం: చిన్నప్పుడు మెదడుకెక్కిన మలేరియా వచ్చిందా అని. ప్రాణం దక్కిన పిల్లల్లో కూడా కొందరికి తర్వాత ఏకాగ్రత దెబ్బతింటుంది.

మాత్ర సంగతి. ఐరన్, కాల్షియం దగ్గర్లో వేస్తే థైరాక్సిన్ (మీరు వేసే థైరాయిడ్ మాత్ర) ఒంటికి పట్టదు, నాలుగు గంటల ఎడం ఉండాలి. బడిలో వారానికోసారి ఇచ్చే గులాబీ రంగు ఐరన్ మాత్ర మధ్యాహ్నం భోజనం తర్వాతైతే ఇబ్బంది లేదు. సోయా కూడా అడ్డమే. డోసు ఎక్కువైనా పిల్లాడు కుదురుగా ఉండడు, నిద్ర పట్టదు. అందుకని సొంతంగా పెంచొద్దు.

రాయగడ_పద్మ

పిలిస్తే వెంటనే పలుకుతాడు డాక్టర్‌గారూ, "ఆఁ అమ్మా" అంటాడు. మలేరియా రాలేదు. వినికిడి పరీక్ష మాత్రం ఎప్పుడూ చేయించలేదు, ఎవరూ చెప్పలేదు. ఈ నెలలోనే చేయిస్తాను.

జయపురం_శ్రీను

నాదీ ఇలాంటి గోలే గానీ జబ్బు వేరు. మా పాపకి సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే జబ్బు), ఎస్‌ఎస్ రకం, అంటే అమ్మానాన్నలిద్దరి నుంచీ వచ్చింది. పదకొండేళ్లు. మూడో తరగతి దాకా క్లాసులో ముందుండేది. ఆ తర్వాత మార్కులు పడిపోయాయి. ఒళ్లు నొప్పులతో బడికి ఎక్కువ రోజులు పోలేదు కదా, అందుకే అనుకున్నాం. బడికి రోజూ పోతున్నా లెక్క సగంలో ఆపేస్తోంది. కొట్టుకి పంపితే రెండు సరుకులు తెచ్చి మూడోది మరిచి వస్తుంది. విశాఖలో ఎంఆర్‌ఐ తీయిస్తే మెదడు ముందు వైపు చిన్న చిన్న మచ్చలున్నాయన్నారు. "సైలెంట్ స్ట్రోక్" అట. కాలూ చెయ్యీ పడిపోలేదు, మూతి వంకర పోలేదు, మాకేం తెలుస్తుంది?

మా బంధువుల్లో చాలామంది సికిల్ అంటే నొప్పుల జబ్బే అనుకుంటారు. బడిలో వెనకబడటం కూడా దాని లక్షణం కావచ్చని తల్లిదండ్రులకి తెలియాలనే ఇది రాస్తున్నా.

కోరాపుట్_డాక్టర్

శ్రీనుగారు రాసింది చాలా ముఖ్యం. అమెరికా, యూరప్ పిల్లల మీద జరిగిన అధ్యయనాల్లో ఎస్‌ఎస్ రకం పిల్లల్లో ఇంచుమించు ముగ్గురిలో ఒకరికి ఈ సైలెంట్ స్ట్రోక్ మచ్చలు కనిపించాయి. మన వైపు సికిల్‌లో పిండ హిమోగ్లోబిన్ (కడుపులో బిడ్డకుండే రకం, కణాలు వంగకుండా కొంత కాపాడుతుంది) ఎక్కువ కాబట్టి తీవ్రత తక్కువ అని ఒక మాట ఉంది. దాన్ని నమ్ముకుని పరీక్షలు మానకండి. రెండేళ్ల నుంచి పదహారేళ్ల దాకా ఏటా ట్రాన్స్‌క్రానియల్ డాప్లర్ (మెదడు రక్తనాళాల స్కాన్) చేస్తే పెద్ద స్ట్రోక్ ముప్పు ముందే పసిగట్టొచ్చు. హైడ్రాక్సీయూరియా అనే సికిల్ మందు రోజూ మానకుండా వాడాలి. తరచు రక్తం ఎక్కించుకునే పిల్లలకి ఒంట్లో ఐరన్ పేరుకుపోతుంది. కాబట్టి బడిలో ఇచ్చే ఐరన్ మాత్ర వెయ్యాలా వద్దా అని మీ డాక్టర్ని అడిగాకే నిర్ణయించండి. 2023లో మొదలైన జాతీయ సికిల్ సెల్ మిషన్ కింద రక్తపరీక్షలు జరుగుతున్నాయి, ఇంట్లో మిగతా పిల్లలకి కూడా చేయించండి.

మెమరీ_మాస్టర్_అకాడమీ

[ఈ పోస్టు తొలగించబడింది]

అడ్మిన్

"తొంభై రోజుల్లో మెదడు శక్తి రెట్టింపు" కోర్సు ప్రకటన తీసేశాను. ఇక్కడ ఎవరూ ఏమీ అమ్మకూడదు.

బరంపురం_స్వాతి

థాంక్స్ అడ్మిన్‌గారూ. ఈ బ్రెయిన్ గేమ్స్ యాప్‌ల గురించి ఒక్క ముక్క. ఆడినకొద్దీ పిల్లలు ఆ ఆటలో మెరుగవుతారు. బ్యాగు సర్దుకోవడంలో, లెక్క పూర్తి చెయ్యడంలో ఆ మెరుగు పెద్దగా కనిపించదు. ఏ పనిలో ఇబ్బంది ఉందో ఆ పని దగ్గరే సాయం పెట్టాలి. ఆ డబ్బుతో వినికిడి పరీక్ష అయిపోతుంది.

బల్లార్షా_రవి

మేము మహారాష్ట్రలో చంద్రపూర్ జిల్లా వాళ్లం, నాది బొగ్గు గనిలో ఉద్యోగం. మా అమ్మాయికి పీకేయూ. మాంసకృత్తుల్లో ఉండే ఫినైల్ అలనిన్‌ని ఒళ్లు అరిగించుకోలేదు. పప్పు, పాలు, గుడ్డు, మాంసం ఏవీ లేవు. ప్రత్యేకమైన ఫార్ములా పొడి, కొలిచి పెట్టే అన్నం, కూరగాయలు, సగ్గుబియ్యం. సాబుదాణా ఖిచిడీ చేస్తాం, పల్లీలు వెయ్యకుండా. పల్లీలు లేని సాబుదాణా ఏమిటని ఇక్కడివాళ్లు నవ్వుతారు, నవ్వనీ.

"రిపోర్టు నార్మల్, కానీ..." అని పద్మక్క రాసిన మాట దగ్గర నేను ఆగిపోయాను. పీకేయూలో ఇదే పెద్ద కథ. ఆహారం వల్ల పిల్లలు బుద్ధిమాంద్యం నుంచి బయటపడ్డారు, ఇక ఫర్వాలేదనుకున్న రోజులున్నాయి. 1997లో అడెల్ డైమండ్ అనే పరిశోధకురాలి బృందం, చిన్నప్పట్నుంచీ చికిత్సలో ఉన్న పిల్లల్నే పరీక్షించింది. రక్తంలో ఫినైల్ అలనిన్ అప్పట్లో ఫర్వాలేదనుకున్న లెవెల్లో ఉన్నవాళ్లు కూడా ఒక విషయాన్ని మనసులో ఉంచుకుని, చేతికి తోచింది చెయ్యకుండా ఆగే పనుల్లో తడబడ్డారు. మాకు హైదరాబాద్‌లో డాక్టరుగారు చెప్పిన కారణం ఇది: రక్తంలోంచి మెదడులోకి వెళ్లే దారిలో ఫినైల్ అలనిన్, టైరోసిన్ (ఇది కూడా మాంసకృత్తుల్లోదే) పోటీ పడతాయి. మొదటిది ఎక్కువైతే రెండోది తక్కువ వెళ్తుంది. టైరోసిన్‌తోనే డోపమిన్ (మెదడులో కబుర్లు మోసే రసాయనం) తయారవుతుంది. మెదడు ముందు భాగం ఆ డోపమిన్ కొరతని ముందుగా పసిగడుతుందట. అందుకే ఇప్పుడు అమెరికా నిపుణులు రక్తంలో ఫినైల్ అలనిన్‌ని లీటరుకి 120 నుంచి 360 మైక్రోమోల్స్ మధ్య ఉంచమంటారు, అదీ జీవితాంతం.

మా ఇంట్లో ఇది కళ్లారా చూస్తాం. పెళ్లికి వెళ్లి అమ్మాయి ఏదో తినేస్తుంది. జ్వరం వచ్చినా లెవెల్ పెరుగుతుంది. ఆ వారం అంతా మాట మాటకీ చిరాకు, రాసిన వాక్యమే మళ్లీ రాస్తుంది. లెవెల్ దిగాక మనిషి మారుతుంది. షుగర్‌ఫ్రీ డ్రింకుల్లో ఉండే ఆస్పర్టేమ్ కూడా మా పిల్లలకి పనికిరాదు, సీసా మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది, చూసుకోవాలి.

ఖర్చు గురించి అడిగేవాళ్లకి: 2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానంలో పీకేయూ ఉంది. సాయానికి దరఖాస్తు గుర్తింపు పొందిన కేంద్రాల ద్వారానే వెళ్తుంది. మాకు అందుబాటులో ఉన్నది హైదరాబాద్‌లో సీడీఎఫ్‌డీ (డీఎన్‌ఏ పరిశోధన సంస్థ), నిమ్స్ ఆసుపత్రి కలిసి నడిపే కేంద్రం.

పర్లాకిమిడి_మాస్టారు

ఇన్ని సంగతులు నాకు తెలియవు, చదివి ఆశ్చర్యపోయాను. అయినా ఒక మాట అడుగుతాను. రోజూ అమ్మే గుర్తుచేస్తుంటే పిల్లాడు ఎప్పుడు నేర్చుకుంటాడు? ఎక్కాలు బట్టీ పట్టించడం, రోజూ ఒకే వేళకి చదవడం, ఇవన్నీ మానేసి బొమ్మల చార్టులు అంటిస్తే సరిపోతుందా?

బరంపురం_స్వాతి

మాస్టారూ, ఎక్కాల విషయంలో నూటికి నూరు పాళ్లూ మీతో ఉన్నాను! ఈ పిల్లలకి ఎక్కాలు మిగతావాళ్లకంటే ఎక్కువ అవసరం. "ఏడెనిమిదులు యాభయ్యారు" నోటికి వచ్చేస్తే దానికి ఆలోచన ఖర్చు కాదు, ఆ మేరకు మనసు లెక్కలో తర్వాతి మెట్టు పట్టుకోగలదు. రోజూ ఒకే వేళ, ఒకే చోటు, ఒకే వరస కూడా అంతే. మీ పాత పద్ధతుల్లో దెబ్బలు తీసేస్తే మిగిలేది చాలావరకు మేము చెప్పేదే.

నోటితో గుర్తుచెయ్యడం విషయంలో మీ అనుమానం సరైనదే. అమ్మ గొంతు మీద ఆధారపడితే అమ్మ లేనప్పుడు పని ఆగిపోతుంది. చార్టు అయితే గోడ మీద ఉంటుంది, పిల్లాడే వెళ్లి చూసుకుంటాడు. కాబట్టి పద్మగారూ, "బ్యాగు సర్దావా?" అనకుండా "ఇప్పుడు ఎన్నో బొమ్మ దగ్గరున్నావు?" అని అడగండి. నాలుగైదు బొమ్మలకి మించొద్దు. అది బాగా అలవాటైపోయాక ఒక్కో బొమ్మా తీసెయ్యండి.

గునుపురం_టీచర్

నేను ఒడియా మీడియం బడిలో చెబుతాను, ఇంట్లో తెలుగు. ఆ గురుమా మాట గురించి చెప్పాలి. మా క్లాసులో తెలుగు, ఒడియా, సవర, కువి (ఈ రెండూ గిరిజన భాషలు) ఇళ్ల పిల్లలంతా ఉంటారు. భాష రాని పిల్లాడు మాట అర్థంకాక పక్కవాణ్ణి చూస్తాడు. ఈ రకం పిల్లాడికి మాట అర్థమవుతుంది, మధ్యలో తప్పిపోతాడు. తేడా తెలుసుకోవాలంటే అదే పని ఇంట్లో తెలుగులో చెప్పి చూడండి. తెలుగులోనూ అలాగే ఆగిపోతే సమస్య భాషది కాదు. పద్మగారు రాసిన సాక్సు సంగతి తెలుగులోనే కదా జరిగింది!

ఇంట్లో తెలుగు మానేస్తే లాభం లేదు. ఆటిజం ఉన్న పిల్లల విషయంలో కూడా రెండు భాషలు వినడం వల్ల చెడు జరగదని అధ్యయనాలు చెబుతున్నాయి. అమ్మ తనకి సరిగా రాని ఒడియాలో ముక్కలు ముక్కలుగా మాట్లాడితే పిల్లాడికి ఉన్న మంచి తెలుగు కూడా పోతుంది.

మా బడిలో నేను చేసేది చిన్న పని. బోర్డు మీది లెక్కలు అలాంటి పిల్లలకి కాగితం మీద రాసి బల్ల మీదే పెడతాను. తల ఎత్తి దించే లోపల అంకె జారిపోతోంది, కాగితం పక్కనే ఉంటే జారదు. రెండు లెక్కలు చేశాక నాకు చూపించి మిగతావి చెయ్యమంటాను. నలభై మంది ఉన్న క్లాసులో ఇంతకంటే చెయ్యలేను, నిజం చెప్పాలంటే కొన్ని రోజులు ఇది కూడా కుదరదు.

రాయగడ_పద్మ

టీచర్‌గారూ, మీరు చెప్పాక చూస్తే నిజమే. తెలుగులోనూ అంతే.

చార్టు దగ్గర మాకు ఒక తమాషా వచ్చింది. నాకు ఒడియా చదవడం రాదు, వాడికి తెలుగు చదవడం రాదు! నేను రాస్తే వాడికి తెలీదు, వాళ్ల నాన్న రాస్తే నాకు తెలీదు. చివరికి మాటలు మానేసి బొమ్మలే వేశాం. వాడే వేశాడు: బకెట్టు, చొక్కా, రెండు సాక్సులు (రెండూ కలిపి గీశాడు, నేను చెప్పలేదు), బ్యాగు, నీళ్ల సీసా. స్నానాల గది తలుపుకి బయట అంటించాం. రాత్రే బ్యాగు సర్ది చెప్పుల పక్కన పెడుతున్నాం. సాక్సుల గోల తగ్గింది. హోంవర్కు పుస్తకం మాత్రం ఇంకా ఒక్కోరోజు మంచం మీదే ఉండిపోతోంది. బడి డైరీ ఒడియాలో ఉంటుంది, వాళ్ల నాన్న షిఫ్టు నుంచి వచ్చేదాకా నాకు అందులో ఏముందో తెలీదు, అదొక తలనొప్పి.

అత్తగారు చార్టు చూసి "నాక్కూడా ఒకటి గీసిపెట్టరా, బీపీ మాత్ర మరిచిపోతున్నాను" అన్నారు.

జయపురం_శ్రీను

హ హ. మా ఇంట్లో నాకే కావాలి.

బడిలో పరీక్షకి ఎక్కువ టైము ఇస్తారని విన్నాను. ఎలా తెచ్చుకోవాలి?

బరంపురం_స్వాతి

2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి. సికిల్ సెల్, ఆటిజం, నేర్చుకోవడంలో ప్రత్యేక ఇబ్బందులు అందులో ఉన్నాయి. ఎగ్జిక్యూటివ్ ఫంక్షన్ ఇబ్బంది అనే పేరుతో విడిగా ఏమీ లేదు, మూల సమస్య పేరు మీదే వెళ్లాలి. నలభై శాతం లేదా ఆపైన సర్టిఫికెట్ ఉండి, రాయడంలో ఇబ్బంది ఉంటే పబ్లిక్ పరీక్షల్లో గంటకి 20 నిమిషాలకు తగ్గకుండా అదనపు సమయం అడగొచ్చు. నాలుగో తరగతి, ఐదో తరగతి బడి పరీక్షలకి ఇంత తంతు అక్కర్లేదు, హెడ్మాస్టరు ఒప్పుకుంటే చాలు. ముందు జిల్లా ఆసుపత్రిలో డీఈఐసీ (పిల్లల ఎదుగుదల లోపాల్ని ముందుగా గుర్తించే కేంద్రం) గురించి అడగండి. ఆర్‌బీఎస్‌కే అనే ప్రభుత్వ పిల్లల ఆరోగ్య పథకం కింద పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకి అక్కడ పరీక్షలు ఉచితం. పూర్తి అంచనా కావాలంటే సికింద్రాబాద్‌లో ఎన్‌ఐఈపీఐడీ (మేధో వైకల్యాల జాతీయ సంస్థ) ఉంది, తెలుగులోనే మాట్లాడతారు. ఐక్యూ ఒక్కటే చేసి పంపించేస్తే ఒప్పుకోకండి. ఐక్యూ బాగున్న పిల్లాడిలో కూడా ఈ ఇబ్బంది ఉండొచ్చు. తల్లిదండ్రులు, టీచరు ఇద్దరూ నింపే ప్రశ్నావళి ఉంటుంది, అది కూడా చెయ్యమనండి.

సిరోంచ_లక్ష్మి

అక్కా, ఇదంతా చదువుతుంటే మా పిల్లగాని సంగతే రాసినట్టు ఉంది. ఏడీహెచ్‌డీ అని వరంగల్‌లో చెప్పిన్రు. బడి మరాఠీ మీడియం, సార్లు మంచోళ్లే గానీ "వెనక బెంచిలో కూసుంటడు, ఆడుతడు" అంటరు. ముందు బెంచిలో కూసోబెట్టుమని, బోర్డు లెక్కలు కాగితం మీద ఇయ్యుమని, పరీక్షల కొంచెం టైము ఇయ్యుమని అడగాలె. నోటితో చెప్తే వాళ్లు మరిచిపోతున్నరు. చీటీ రాసిద్దామంటే నాకు మరాఠీ మాట్లాడుడే వచ్చు, రాయరాదు.

బల్లార్షా_రవి

లక్ష్మమ్మా, ఆ మూడు సంగతులూ తెలుగులో రాసి ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. మా ఆవిడ చదివింది మరాఠీ మీడియమే, రేపు సాయంత్రానికి రాసి పంపిస్తుంది. వరంగల్ డాక్టరు ఇచ్చిన కాగితం జిరాక్సు దానికి పిన్ను కొట్టి, హెడ్మాస్టరు పేరు మీద ఇవ్వండి, ఒక కాపీ మీద సంతకం తీసుకోండి.